ట్యాంకు అను మాట



నేను ఈ దినము మీకు విన్నవింపబోవునది రాజుల కథ కాదు, కవుల చరిత్రయు కాదు. రెండక్షరముల ఇంగ్లీషు మాట యొకటి. మన పల్లెలలో అక్షరము రాని ముసలమ్మ మొదలు బడికి పోవని పసివాని వఱకు అందఱి నోటను నానుచున్న మాట. అది ట్యాంకు.

ఊరి నడుమ ఎత్తైన స్తంభములపై నిలిచి కుళాయిలకు నీరు విడుచునది ట్యాంకు. మిద్దెలపై నల్లని పీపావలె కూర్చుండునది ట్యాంకు. మోటారుసైకిలునకు పెట్రోలు పోయునది ట్యాంకు. మరుగుదొడ్డి వెనుక భూమిలో కప్పిపెట్టినదియు ట్యాంకే. సరిహద్దులలో సైనికులు నడుపు ఇనుపరథమును ట్యాంకే. ఇవి చాలవన్నట్లు నీటిపారుదల కచేరీల కాగితములలో మన చెఱువునకును అదే పేరు. త్రాగునీటికి, మురుగునకు, పంటకు, ప్రాణహరణమునకు ఒకే మాట! సంస్కృతమున హరి శబ్దమునకు విష్ణువు, సింహము, కోతి, కప్ప మున్నగు పెక్కర్థములు కలవని అమరకోశము నానార్థవర్గమున చిన్ననాడు వల్లించితిని. ఆ హరి శబ్దమునకు ఈ ట్యాంకు తీసిపోవునది కాదు.

ఈ మాట వలన నేనొక తప్పు చేసితిని. దానిని ముందుగా చెప్పి పిమ్మట చరిత్రలోనికి పోయెదను.

నేను ఉద్యోగమునకు క్రొత్త. వనపర్తికి దక్షిణమున, కృష్ణకు ఆమడ దూరమున నున్న ఒక చిన్న యూర తెలుగు పండితుడనుగా నుంటిని. సంస్కృతాంధ్రములు గురుముఖమున చదివితిని గాని ఇంగ్లీషు నాకు అంతంతమాత్రమే. అయినను ఊరివారి దృష్టిలో బడిపంతులునకు రాని భాష యుండదు. ఒకనాటి సాయంకాలము సర్పంచిగారు ఒక అచ్చు కాగితము తెచ్చి, "పంతులుగారూ, ఇది జర చూసి నింపుండ్రి, రేపు పోస్టుల వెయ్యాలె" అనిరి. అందు ఊరి పేరు, ట్యాంకులెన్ని, వాని స్థితి యెట్లున్నది, మరమ్మతు కావలయునా అని ఇంగ్లీషున నాలుగు గళ్లుండెను. అంతకు రెండేండ్ల క్రిందటనే ఊర మంచినీళ్ల ట్యాంకు కట్టిరి. దానికి సున్నము తెల్లదనమైన పోలేదు. నేను వెనుకముందు చూడక, ట్యాంకు ఒకటి, స్థితి బాగు, మరమ్మతు అక్కఱలేదు అని వ్రాసితిని. సర్పంచిగారు సంతకము చేసిరి.

ఆ యూరి చెఱువునకు తూము ప్రక్కన నీరు ఊటగా వెడలుచు కట్ట క్రుంగుచున్నదని ఊరివారందఱు ఎఱుగుదురు. నేనును ఎఱుగుదును. ప్రతిదినము ఆ కట్టమీదుగానే బడికి పోవువాడను. కాని ఆ కాగితము చెఱువును గూర్చి అడుగుచున్నదని నాకు తోచనే లేదు.

చెఱువునకు ట్యాంకు అను పేరు ఎట్లు వచ్చెను? ఇందు నేను రెండవ పొరపాటు చేసితిని. అది పండితులకు సహజమైన పొరపాటు. ట్యాంకు అనగా చెఱువని తెలిసిన పిమ్మట నా మనస్సు వెంటనే సంస్కృతము మీదికి పోయెను. తటాకము, ట్యాంకు: రెంటికిని టకారమున్నది, కకారమున్నది. ఇంకేమి కావలెను? మన తటాకమునే తెల్లవారు నోరు తిరుగక ట్యాంకు చేసిరని కొన్ని యేండ్లు విద్యార్థులకు బోధించితిని. వినువారికి అది మిక్కిలి ప్రియముగ నుండెను. ప్రియముగ నున్నంత మాత్రమున నిజము కాదు గదా. ఆ విద్యార్థులలో ఎవరైన ఇప్పుడు వినుచున్నయెడల దిద్దుకొందురుగాక.

యూల్, బర్నెల్ అను ఇద్దఱు దొరలు మన దేశపు మాటలు ఇంగ్లీషులో చేరిన విధమును వివరించుచు 1886లో ఒక పెద్ద నిఘంటువును ప్రకటించిరి. దాని పేరు హాబ్సన్ జాబ్సన్. అందు ట్యాంకునకు చాల స్థలమే యిచ్చిరి. గుజరాతీలో టాంకు, మరాఠీలో టాకే అను మాటలున్నవి. వాని అర్థము భూమిలో త్రవ్వి గచ్చు చేసిన నీటితొట్టి. మహారాష్ట్రపు కొండకోటలలో రాతిని తొలిచిన నీటిగుంటలను నేటికిని ఆ పేరనే పిలుతురు. రాజస్థానపు ఎడారిలో వాననీటిని దాచు నేలమాళిగ తొట్టిని టాంకా అందురు. సూరతు రేవున దిగిన ఇంగ్లీషు వర్తకులకు ఈ మాట చెవిని పడియుండును. 17వ శతాబ్దపు తొలి పాదముననే వారి వ్రాతలలో మన దేశపు నీటికొలనులకు ఈ పేరు కనబడుచున్నది.

అయితే ఇంగ్లీషువారికంటె నూఱేండ్లకు పైగా ముందు వచ్చిన పోర్చుగీసువారికి టాంకె అను సొంత మాట కలదు. అది నీటిని పాఱకుండ ఆపుట అను అర్థముగల క్రియనుండి పుట్టినది. 1498లో వాస్కో డ గామాతో కళ్ళికోటకు వచ్చినవారి యాత్రావృత్తాంతముననే గుడి యొద్దనున్న కోనేటికి ఆ మాట వాడబడినది. అప్పటికి వారు మన నేలపై దిగి కొలదిదినములే యైనది. అంతలోనే మన మాట నేర్చి వ్రాసిరనుట కష్టము. కావున వారి మాట వారిదే, గుజరాతీవారి మాట గుజరాతీవారిదే. అర్థమునను ధ్వనియందును దగ్గఱగా నున్న రెండు మాటలు ఇంగ్లీషువాని నోట కలిసిపోయినవని పలువురు పండితుల అభిప్రాయము. నాకును అదియే సమంజసముగ తోచుచున్నది. మన నడిగడ్డవారికి ఇది తెలియని వింత కాదు. ఆలంపురము దాటిన పిమ్మట తుంగభద్ర కృష్ణలో కలియును. కలిసిన తరువాత ఈ దోసిలిలోని నీరు ఏ నదిదని అడిగిన ఎవరు చెప్పగలరు?

ఇచ్చట ఒక మాట. సంస్కృతమున టంకము అను శబ్దము కూడ కలదు. అది రాతిని పగులగొట్టు ఉలికి పేరు. నాణెమునకును అదే పేరు వచ్చి, నాణెములు కొట్టు చోటు టంకశాల యైనది. రాతిని తొలిచిన తొట్టికి ఉలి పేరు వచ్చెనా యని ఊహించువారున్నారు. ఒకమాఱు తటాకమును పట్టుకొని జాఱిపడిన వాడను గనుక ఈ ఉలి జోలికి నేను పోను.

ఇక మన చెఱువు మాట. తెలుగున చెఱ యనగా బంధనము. తమిళమున శిఱై అను మాటకు చెరసాల యనియు అర్థము, నీటికి వేసిన అడ్డుకట్ట యనియు అర్థము. దీనిని బట్టి చూడగా చెఱువు అనునది చెఱబట్టిన నీరని నాకు తోచుచున్నది. పోర్చుగీసువాడును నీటిని ఆపుటనుండియే మాట చేసికొనెను. సముద్రములకు ఆవలనున్న వాడును, ఈ బండనేలపై వాననీటిని కట్టవేసి నిలిపిన మన రైతును ఒకే విధముగ తలచిరన్నమాట.

కాని ఒక్క భేదము గమనింపుడు. ఇంగ్లీషువానికి ఉన్నది ఒక్క మాట. మనకో? వంక చిన్నదై, కట్ట పొట్టిదై, కొలదిపాటి మళ్లకు నీరిచ్చునది కుంట. పెద్ద కట్టయు, తూములును, అలుగును కలిగి ఊరంతటికి పంట నిచ్చునది చెఱువు. దేవళము ముందు మెట్లు కట్టినది కోనేరు. ఏటిలో నీరు ఇంకక నిలుచునది మడుగు. ఇక కంటికి అవతలి గట్టు ఆననంత పెద్దదైనచో మనవారు దానిని సముద్రమే యనిరి. ఉప్పుసముద్రమును కన్నులార చూడని మెట్టప్రాంతమునకు ఎన్ని సముద్రములో చూడుడు! వనపర్తి సంస్థానమునకు సప్తసముద్రములు కలవని పెద్దలు గొప్పగా చెప్పుకొందురు. శ్రీరంగాపురమున రంగనాయకస్వామి గుడిని మూడువైపుల ఒరసికొనియున్నట్లుండు రంగసముద్రమును మీలో పలువురు చూచియుందురు. గోన గణపరెడ్డి పేర వెలసిన ఘనపురమున గణపసముద్రము కలదు. నాగర్‌కర్నూలున కేసరిసముద్రము కలదు. ఇవన్నియు ఇంగ్లీషు కాగితమున కెక్కగానే ఒక్కటే యైపోయినవి. సముద్రమును ట్యాంకే, కుంటయు ట్యాంకే.

చెఱువు కట్టుట ఎంతటి శాస్త్రమో మన పూర్వులు రాతిపై చెక్కించిరి. కడప మండలమున పోరుమామిళ్లలో 1369 నాటి శాసనము కలదు. విజయనగరపు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అనంతరాజసాగరమను చెఱువు త్రవ్వించి వేయించినది. చెఱువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆఱు దోషములను అందు వరుసగా చెప్పిరి. దినమునకు వేయిమంది కూలీలు, రాళ్లు తోలుటకు నూఱు బండ్లు, రెండేండ్ల పని యని లెక్క కూడ వ్రాసిరి. జలశాస్త్ర మెఱిగినవాడు పండ్రెండు అంగములలో ఒకడు. అనగా మనిషి కూడ చెఱువులో భాగమే. మన యూళ్ల నీరటికాడు అట్టివాడు. తూము ఎప్పుడు తీయవలెనో, ఏ మడికి ఎంత నీరు పాఱవలెనో అతనికి తెలియును. కట్ట, తూము, అలుగు, మత్తడి, శికము, ఆయకట్టు: ఈ మాటలలో ఒక్కొక్కటి ఒక్కొక్క హక్కును, ఒక్కొక్క పనిని తెలుపును. వీనిలో ఆయకట్టును ఇంగ్లీషువారు వేఱు మాట దొరకక అట్లే తీసికొని తమ నిఘంటువున చేర్చుకొనిరి. ఆ ఒక్కచోట మాత్రము మనము ఋణదాతలము.

మన మూడు జిల్లాలు, అనగా 2016 వఱకు పాలమూరులో కలిసియుండిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు, 1948 వఱకు నిజాము రాజ్యములోనివి. గద్వాల, వనపర్తులు సంస్థానములు. ఆనాటి నిజాము కచేరీల భాష ఉర్దూ. వారికి చెఱువు తాలాబు. ఆ తాలాబు మాత్రము నిజముగ మన తడాగ శబ్దపు సంతతిలోనిదే. దానికి పారసీకమున నీరు అను అర్థముగల ఆబు అను మాట పోలిక తగిలినది. హైదరాబాదున తాలాబ్‌కట్ట యను పేట యున్నది. సగము ఉర్దూ, సగము తెలుగు. అదే నగరమున ఇబ్రాహీం కుతుబ్‌షా కాలమున, 1562 ప్రాంతమున, కట్టిన హుసేనుసాగరపు కట్టకు ట్యాంకుబండు అని పేరు. అందు మొదటిది ఇంగ్లీషు మాట, రెండవది పారసీకపు మాట. రెండు పరభాషల మాటలు కలిసి చెప్పునది చెఱువుకట్ట యని మాత్రమే!

తొట్టి ఇనుపరథమైన కథ ఇంకను చిత్రమైనది. ఇంగ్లండునకు పోయిన ఈ మాట అచ్చట కొలనును విడిచి తొట్టిని పట్టుకొనెను. ఓడలలో మంచినీళ్లకు కొయ్యపీపాలకు మాఱుగా ఇనుపతొట్లు వచ్చినవి, రైలింజనులకు నీళ్లతొట్లు వచ్చినవి, మోటారులకు నూనెతొట్లు వచ్చినవి. అన్నియు ట్యాంకులే. ఇంతలో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. కందకములను దాటి, ముండ్లతీగెలను త్రొక్కుకొని పోగల ఉక్కుబండిని బ్రిటిషువారు రహస్యముగ చేయించుచుండిరి. మొదట దానికి నేలమీది ఓడ యని పేరు. ఆ పేరు వినిన గూఢచారికి వేఱుగ చెప్పవలసిన పని లేదు. కావున 1915 చివర పేరు మార్చుటకు ఆలోచన చేసిరి. ఆ యాకారము చూచిన పనివారికి ఇవి నీళ్లు మోయు తొట్లని చెప్పిన నమ్ముదురు గదా యని ట్యాంకు అను పేరు నిశ్చయించిరి. ఆ పనిలో స్వింటన్ అను సేనాధికారి ముఖ్యుడు. ఈ నీళ్లతొట్లు మెసపొటేమియా ఎడారికి పోవునవని కార్ఖానాలో ప్రచారము చేసిరి. 1916 సెప్టెంబరు 15వ తేదీన ఫ్రాన్సులో సోమ్ నది ప్రాంతపు యుద్ధమున అవి మొదటిసారి కదలివచ్చెను. రహస్యము తీఱినది గాని పేరు మాత్రము అట్లే నిలిచినది. అబద్ధముగ పెట్టిన పేరు నిజమైన పేరైనది.

మఱి ముప్పది రెండేండ్లకు, అదే సెప్టెంబరు నెలలో, ఆ ట్యాంకులు మన రాజ్యమునకు వచ్చెను. 1948 సెప్టెంబరు 13న భారతసేన నిజాము రాజ్యమున ప్రవేశించినది. ముఖ్యదళము జనరల్ చౌదరి నాయకత్వమున షోలాపురము వైపునుండి వచ్చెను. మఱియొక దళము బెజవాడ వైపునుండి బయలుదేఱెను. 17వ తేదీకి పోరు ముగిసినది. మా తండ్రిగారు చెప్పుచుండిరి: ఆ నాలుగైదు దినములు మా వైపు పల్లెలలో ట్యాంకులు వచ్చుచున్నవట యను మాట తప్ప వేఱు మాట లేదట. ఎవరును చూచినవారు లేరు. ఏనుగంత యుండునని ఒకరు, ఇల్లంత యుండునని ఒకరు. చెఱువును ట్యాంకని పిలుచుట వారెఱుగరు. అది వారికి తాలాబుగానైన తెలియును, చెఱువుగానైన తెలియును. కావున మా ప్రాంతపు సామాన్యజనుల చెవికి ఈ మాట మొదట చేరినది నీటిరూపమున కాదు, ఫిరంగిరూపమున. తరువాత పదియేండ్లకో ఇరువదియేండ్లకో త్రాగునీటి తొట్టిరూపమున వచ్చెను. చెఱువు అను అర్థము మాత్రము కచేరీ బీరువాలలోనే యుండి, ఊరిలోనికి రానే లేదు.

నా కాగితము కథ ఇప్పుడు మీకు బోధపడియుండును. కాగితము పంపిన వారికి ట్యాంకు అనగా చెఱువు తప్ప వేఱొకటి లేదు. నింపిన నాకు ట్యాంకు అనగా స్తంభములపై తొట్టి తప్ప వేఱొకటి లేదు. ఎవరి భాషలో వారు సత్యమే పలికితిమి. మరుసటి సంవత్సరము మరమ్మతుల పట్టికలో మా యూరి చెఱువు పేరు రాలేదు. ఊరివారు పోయి అడుగగా, మీ ట్యాంకు బాగుగ నున్నదని మీరే వ్రాసితిరి గదా యని మా కాగితమునే చూపిరట. అందు నా దస్తూరి.

ఆ యేడు ఉత్తరకార్తెలో మూడుదినములు ఎడతెగని వాన. మూడవ రాత్రి తూము ప్రక్కననే గండి పడెను. ప్రాణనష్టము లేదు, అది దైవకృప. కాని పొట్టకు వచ్చిన వరి యంతయు పోయెను. తూము క్రింది మళ్లు ఇసుకమేటలు వేసి, వానిని ఎత్తిపోయుటకు రెండేండ్లు పట్టెను. ఆ మళ్లు మోతుబరులవి కావు. ఎకరము, అరయెకరము కలవారివి. వారి బిడ్డలు నా తరగతిలోనివారు. ఆ దసరాకు తరువాత తొమ్మండుగురు పిల్లలు తల్లిదండ్రుల వెంట పనులకై బొంబాయి వైపు వలసపోయిరి. హాజరుపట్టీలో వారి పేర్లు కొట్టివేసినదియు నా చేతితోనే.

ఎవరును నన్ను ఒక్క మాట అనలేదు. అనిన బాగుండెడిది. కొన్నినాళ్లకు ఊరి నీరటికాడు బడి అరుగు మీదికి వచ్చి కూర్చుండెను. డెబ్బదియేండ్ల వృద్ధుడు, మేమందఱము తాత యనువారము. చుట్ట ఆర్పి ఇట్లనెను: "సారూ, ఆ కాయితంల చెరువు అని పేరే లేకపాయెనంట గద. పేరు లేకపోతె మరమ్మతు ఎట్లొస్తది?" నాకు బదులు తోచలేదు. "తాతా, తప్పు నాది" అంటిని. "తప్పు సంగతి నేను అడగలె. మల్ల కాయితమొస్తె నన్ను పిలువు" అని లేచి పోయెను.

ఆ పిమ్మట కాలము చాల గడచినది. నేటి వార్తాపత్రికలలో ఎఫ్‌టీఎల్ అను మాట తఱచుగ చదువుచున్నారు. చెఱువు నిండినపుడు నీరు నిలుచు హద్దు అని దాని యర్థము. అందలి నడిమి యక్షరము ఈ ట్యాంకే. ఆ మూడక్షరముల లోపల ఉన్న పొలము మనదా, చెఱువుదా యని వ్యాజ్యములు జరుగుచున్నవి. మన పూర్వుల శికము అను మాట తెలిసినవానికి ఈ సందేహము ఉండరాదు. 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ యను పేర చెఱువుల మరమ్మతును ఆరంభించినపుడు రాష్ట్రమున 46 వేలకు పైగా చెఱువులు, కుంటలు ఉన్నట్లు లెక్కించిరి. మన ఊరు మన చెఱువు అని దానికి తెలుగుననే నినాదము పెట్టిరి. నాకు సంతోషమైనది. కాని నాగర్‌కర్నూలు పోయి చూడగా కేసరిసముద్రపు కట్టకు బాట వేసి, దీపములు పెట్టి, మినీ ట్యాంకుబండు అని పేరు పెట్టియున్నారు. సాయంకాలము గాలికి కట్టమీద నడచుట హాయిగనే యున్నది, కాదనను. సముద్రమంతటి దానిని మినీ యనుటయే నాకు మింగుడుపడలేదు.

మరల కాగితము వచ్చినది గండి పడిన మూడవ యేట. అదే అచ్చు, అవే గళ్లు. నేను మాట ప్రకారము తాతను పిలిపించితిని. సర్పంచిగారును వచ్చిరి. ఈసారి ఇంగ్లీషు గళ్లలో తెలుగున వ్రాసితిని: చెఱువు ఒకటి, తూములు రెండు, ఒకటి శిథిలము, అలుగు ఒకటి, రాళ్లు లేచినవి, మంచినీళ్ల ట్యాంకు ఒకటి, బాగు, కుంటలు రెండు. తాత వేలు అడ్డము పెట్టి, "రెండు కావు, మూడు" అనెను. మూడవది ఎక్కడ యని సర్పంచిగారు అడిగిరి. ఊరికి పడమట, వాగు మలుపున నుండెడిదట. తాత పసితనముననే కట్ట తెగి, మెల్లగా దున్నుకొనిరట. ఇప్పుడు అది జొన్నచేను. అయినను ఆ చేనిని నేటికిని కుంటచేను అనియే పిలుచుచున్నారని ఆయన గుఱుతు చేసెను. సర్పంచిగారు కొంత తటపటాయించి, వ్రాయుమనిరి. నేను రెండు కొట్టివేసి మూడు అని వ్రాసితిని.